కిరాయి, బదులు, వెట్టి: స్నేహితుని కోసం బండి కట్టినప్పుడు డబ్బు తీసుకోవచ్చునా?

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను రవాణా శాఖలో 1974లో చేరి 2003లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం పర్మిట్ల సెక్షనులోనే గడిచింది. బండి ఎవరిది, అందులో సరుకు ఎవరిది, మోసినందుకు ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారు అనే మూడు ప్రశ్నలే నా ఉద్యోగం. కనుక నాకు తెలిసిన బండ్ల చరిత్రే రాస్తున్నాను.

ఈ విషయం ఇప్పుడెందుకంటే, మన పింఛనుదార్ల ఇళ్ళలో చాలాచోట్ల పిల్లలు పికప్ వ్యాన్లు, ట్రాలీ ఆటోలు కొనుక్కుని బతుకుతున్నారు. మొదట కట్టవలసిన సొమ్ము చాలాసార్లు మన గ్రాట్యుటీ నుండో, కమ్యుటేషను నుండో పోయినదే. అప్పు పత్రం మీద జామీను సంతకమూ మనదే. బండి నడిచినా నిలిచినా నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. ఆ బండిని స్నేహితుడు వచ్చి అడుగుతాడు. ఇవ్వకపోతే మాట వస్తుంది, ఊరికే ఇస్తే కిస్తీ ఆగుతుంది. చిన్న విషయంగా కనిపించే ఈ చిక్కు వల్ల చిన్ననాటి స్నేహాలు చెడిన ఇళ్ళు నాకు తెలుసు.

మా తమ్ముని కొడుకు విషయమే చెబుతాను. అతనికి పికప్ ఉంది. అతనితో కలిసి బడికి పోయిన స్నేహితునికి మండల కేంద్రంలో మెకానిక్ షెడ్డు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో మోటారు సైకిలో ఆటోనో ఆగిపోతే, దానిని షెడ్డుకు తెచ్చే పని మావాడి పికప్ మీద పడింది. మొదట నెలకు ఒకసారి అనుకున్నది వారానికి రెండు మూడు సార్లు అయింది. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. మా మరదలు "దోస్తు దగ్గర పైసలు తీసుకుంటే ఇంటి పరువేం కావాలె" అంటుంది. కోడలు "కిస్తీ దోస్తు కడతడా" అంటుంది. మావాడు నా దగ్గరకు వచ్చి, "పెద్దనాయనా, వాణ్ణి పైసలు అడగాల్నా, వద్దా?" అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ చెప్పినది సబబే. ఇద్దరి మాట వెనుకా మన పల్లెల పాత ఆచారం ఉంది. ముందుగా దానిని చూద్దాం.

ఎడ్ల బండి నాటి మర్యాద

నేను పుట్టినది 1945లో, నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో. మా నాయనకు ఒక బండి, ఒక జత ఎడ్లు ఉండేవి. ఊరందరికీ బండ్లు ఉండేవి కావు. బండి ఉన్నవాడిని లేనివాడు అడగటం తప్పనిసరి. అయితే అడగటంలో మూడు తరగతులు ఉండేవి.

మొదటిది, మంచికీ చెడుకూ అడిగే బండి. నొప్పులు పడుతున్న ఆడమనిషిని పట్నం ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, పెళ్ళికూతుర్ని అత్తవారింట దింపాలన్నా బండి కట్టినవాడు కిరాయి అనే మాట నోట రానిచ్చేవాడు కాదు. కానీ బండి వెళ్ళిన ఇంటివారు ఎడ్లకు కుడితి, చొప్ప పెట్టి, బండి తోలినవానికి అన్నం పెట్టి, ఇరుసుకు కందెన వేయించి పంపేవారు. ఇది కూలి కాదు, మర్యాద. అయినా లెక్క చూస్తే ఆ రోజు బండికి అయిన ఖర్చంతా అందులోనే తీరిపోయేది.

రెండవది బదులు. నీ పొలానికి పెంట తోలటానికి నా బండి మూడు రోజులు వచ్చింది గనుక, నా వరి కోతకు నీ ఇంటి నుండి అన్ని రోజులు మనుషులు రావాలి. కాగితం ఉండదు, కానీ ఎవరి లెక్క వారికి నోటికి వచ్చు. బదులు తీర్చనివాని పేరు ఊళ్ళో పలచబడేది.

మూడవది కిరాయి. వడ్లు అమ్మకానికి పోయినా, షావుకారు సరుకు వచ్చినా బండికి రొక్కమో గింజలో ఇవ్వవలసిందే. అక్కడ అన్నదమ్ముల వరుస కూడా చూసేవారు కాదు. వంగతోట దగ్గర బావ వరుస పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. సరుకు మీద లాభం వచ్చేవాడు బండికి ఇచ్చుకోవాలి. తెలంగాణలో కిరాయి అన్నాం, రాయలసీమలో బాడుగ అన్నారు, కోస్తా కాలువల మీద పడవకు ఇచ్చేదానిని కేవు అన్నారు. మాటలు వేరైనా పద్ధతి ఒకటే.

వెట్టి నేర్పిన పాఠం

డబ్బు తీసుకోకుండా చేయటమే గొప్ప అని ఈ కాలపు పిల్లలకు చెప్పేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. మన ప్రాంతంలో ఊరికే కట్టిన బండ్లలో ఎక్కువ భాగం స్నేహం కోసం కట్టినవి కావు. నిజాం కాలంలో తహసీల్దారో గిర్దావరో దౌరాకు వస్తే ఊళ్ళోని బండ్లను పట్టుకునేవారు. సామాను మోయాలి, మకాం దగ్గర కాచుకుని ఉండాలి. దున్నకాలమైనా సరే, సొంత పొలం అట్లాగే ఉండిపోయేది. దొరల గడీలకు పోయే బండ్ల సంగతి సరేసరి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన కులాలవారు తమ చేతి పనిని, ఒంటి కష్టాన్ని అదే విధంగా ఇచ్చుకోవలసి వచ్చేది.

1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రజన సంఘం ఎత్తుకున్న విషయాలలో వెట్టి ముఖ్యమైనది. మాడపాటి హనుమంతరావు గారు మొదలైన పెద్దలు దానిని గురించి గ్రామాలలో ప్రచారం చేశారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. వెట్టి రద్దు కావాలనే కోరిక ఆ సభలతో పాటు పెరిగింది. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడివెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన నాటికి, వెట్టి చేయమని చెప్పటం పల్లెల్లో మామూలు మాట అయిపోయింది.

అటు బ్రిటిషు ఏలుబడిలోనూ ఇదే బాధ ఉండేది. విశాఖ మన్యంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు చేసిన దాడితో మొదలైన తిరుగుబాటుకు గల కారణాలలో, రోడ్ల పనికి మన్యం ప్రజలను బలవంతంగా తోలి సరైన కూలి ఇవ్వకపోవటం ఒకటి. బండ్లు నడవటానికి వేసిన రోడ్డే కూలి లేని చాకిరితో వేశారన్నమాట.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో బేగారును, అటువంటి బలవంతపు చాకిరిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పనుల కూలీల కేసులో సుప్రీం కోర్టు, కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించటం కూడా బలవంతపు చాకిరి కిందికే వస్తుందని చెప్పింది. ఆకలి వల్ల ఒప్పుకున్నవాడు ఇష్టపడి ఒప్పుకున్నట్లు కాదని ఆ తీర్పులోని భావం.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మా నాయన తరం కిరాయి అడగగలగటాన్ని ఒక హక్కుగా సంపాదించుకుంది. కాదనగలిగిన స్థితిలో ఉండి, అయినా సరేనని చేసినది సాయం. కాదనలేక చేసినది, ఎంత తీయగా అడిగినా వెట్టికి దగ్గరి చుట్టమే. మా తమ్ముని కొడుకు స్నేహితుడు దొర కాదు. కానీ మావాడు "ఇవాళ కుదరదు" అనలేని స్థితికి వచ్చాడంటే ఆ సాయం రంగు మారటం మొదలైందన్నమాట.

మోటారు బండ్లు వచ్చిన తరువాత

హైదరాబాదు రాజ్యంలో 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. అదే తరువాత మన ఆర్టీసీకి మూలం. బస్సులు, లారీలు పెరిగేసరికి చట్టం కూడా పెరిగింది. 1914 నాటి మోటారు చట్టం స్థానంలో 1939లో కొత్త చట్టం వచ్చింది. మన వయసువారికి లారీ నుదుటి మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండే "పబ్లిక్ కారియర్" అనే మాట జ్ఞాపకం ఉండే ఉంటుంది. అది అలంకారం కోసం రాసినది కాదు. కిరాయికి ఇతరుల సరుకు మోసే బండి పబ్లిక్ కారియర్. తన సొంత సరుకును, లేదా తన వ్యాపారానికి అవసరమైన సరుకును మాత్రమే మోసుకునే బండి ప్రైవేటు కారియర్. రెంటికీ పర్మిట్లు వేరు.

నా సెక్షనుకు వచ్చిన ఫైళ్ళలో చాలా తగాదాలు ఇక్కడే పుట్టేవి. ఒక రైసు మిల్లు యజమాని ప్రైవేటు కారియర్ లారీలో బావమరిది వడ్లు దొరికాయి. "బావమరిది దగ్గర కిరాయి తీసుకునేటంత నీచుణ్ణా?" అని ఆయన సంజాయిషీ రాశాడు. ఆయన చెప్పినది నిజమే కావచ్చు. కానీ ప్రైవేటు కారియర్ నిర్వచనం డబ్బు తీసుకున్నావా అని మాత్రమే అడగదు, సరుకు నీదేనా అని కూడా అడుగుతుంది. మర్యాదకు ఒక కొలత, చట్టానికి ఇంకొక కొలత ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఈ పబ్లిక్, ప్రైవేటు తేడాను తీసివేసింది. సరుకు మోసేది ఏదైనా సరుకుల బండే. సరుకు కోసం తయారు చేయని బండిని సరుకు మోయటానికి వాడినా అప్పటికి అది సరుకుల బండి కిందికే వస్తుంది. మొత్తం బరువు 3,000 కిలోలకు మించని చిన్న సరుకు బండికి మాత్రం పర్మిట్ అక్కరలేదని అదే చట్టం 66వ సెక్షనులో మినహాయింపు ఇచ్చింది.

బండ్లు కూడా చిన్నవయ్యాయి. 1980లలో జపాను కంపెనీల సహకారంతో తేలిక లారీలు వచ్చాయి. మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ వారు తయారు చేశారు. డీసీఎం టయోటా బండి ఎంతగా తిరిగిందంటే, ఆ కంపెనీ పేరు పోయినా తెలంగాణలో ఆ సైజు లారీని ఇప్పటికీ డీసీఎం అనే అంటున్నారు. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత ఒక్క మనిషి అప్పు చేసి కొనుక్కోగల సరుకు బండి వీధి వీధికీ చేరింది. బండి ఇట్లా ఇంటి వాకిట్లోకి రావటంతో, లారీ యజమానిని అడగటానికి జంకినవారు కూడా పక్కింటి పికప్‌ను చనువుగా అడగసాగారు.

1872 నాటి చట్టం ఏమంటున్నది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మనం ఉద్యోగంలో ఉండగా పరీక్షల కోసం చదివిన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో దీనికి సమాధానం ఉంది. ఒకరి వస్తువును దాచటానికో, మోయటానికో, బాగు చేయటానికో ఇంకొకరికి అప్పగించటాన్ని గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. 158వ సెక్షను ప్రకారం, ఏ ప్రతిఫలమూ లేకుండా ఆ పని చేయటానికి ఒప్పుకున్నప్పుడు కూడా, అందుకోసం అయిన అవసరమైన ఖర్చులను వస్తువు యజమాని తిరిగి చెల్లించాలి. అంటే కూలి లేకపోయినా ఖర్చు ఉంటుంది. ఎడ్లకు చొప్ప, ఇరుసుకు కందెన అని మా పల్లె చెప్పినదే చట్టం తన భాషలో చెప్పింది. నేటి బండికి ఆ చొప్పా కందెనా డీజిలు, టోలు రుసుము.

దీనికి ఇంకొక వైపు ఉంది. 151వ సెక్షను ప్రకారం, అప్పగించుకున్న వస్తువును మామూలు వివేకం గలవాడు తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. ఊరికే మోసినా, డబ్బుకు మోసినా ఈ బాధ్యత ఒకటే. "ఫ్రీగానే కదా తెచ్చాను" అని, తాడు సరిగా కట్టక కింద పడిన మోటారు సైకిలు విషయంలో తప్పించుకోవటానికి వీలులేదు. ఈ సంగతి మా తమ్ముని కొడుక్కు తెలియదు, చెప్పగానే కొంచెం ఉలిక్కిపడ్డాడు.

భీమా పత్రం చదివితే మరొక విశేషం కనబడుతుంది. సరుకుల బండ్ల సమగ్ర పాలసీలో వాడుకకు పెట్టే హద్దులు కొన్ని ఉంటాయి. వెనుక ట్రెయిలరు తగిలించి లాగటానికి పాలసీ వర్తించదని చెబుతూనే, చెడిపోయిన ఒక మోటారు బండిని ప్రతిఫలం కోసం కాకుండా లాగటానికి మినహాయింపు ఇస్తారు. అంటే దారిలో ఆగిపోయినవాని బండిని తాడు కట్టి మర్యాదకు లాగితే పాలసీ అడ్డు చెప్పదు. అదే లాగటానికి కిరాయి తీసుకుంటే అడ్డు చెబుతుంది. కనుక డబ్బుకు చేసే పని అయితే బండిని తాడుతో లాగవద్దు, పైకి ఎక్కించి, బిగించి కట్టి, సరుకులాగా తేవాలి. తెల్ల నంబరు పలక గల సొంత కారుతో కిరాయి పని చేయటం అసలే కూడదు. ప్రైవేటు కార్ల పాలసీ కిరాయి వాడుకను ఒప్పుకోదు.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. సరుకు బండిలో సరుకు యజమాని గానీ, అతని తరపు మనిషి గానీ వెంట వస్తే అతనికి భీమా రక్షణ ఉండేట్లు 1994 సవరణ చేసింది. ఉత్త పుణ్యానికి ఎక్కించుకున్న ఇతరులకు భీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. కనుక చెడిన బండి యజమాని క్యాబినులో కూర్చోవచ్చు. అతని వెంట నలుగురు వెనుక ఎక్కితే, ఏదైనా జరిగినప్పుడు ఆ భారం బండి యజమాని మీద, చివరకు జామీను సంతకం చేసిన మన మీద పడుతుంది.

మా ఇంట్లో కుదిరిన ఒప్పందం

ఇదంతా మావాడికి చెప్పి, అతని స్నేహితుణ్ణి కూడా ఇంటికి పిలిపించాను. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాగితం, పెన్ను ఇచ్చాను. ఆ నెలలో తెచ్చిన బండ్లు, పోయిన కిలోమీటర్లు, పోయించిన డీజిలు రాయమన్నాను. తరువాత ఆ బండ్లు ఎవరివని అడిగాను. అన్నీ షెడ్డుకు రిపేరుకు వచ్చేవారివే, ఒక్కటి కూడా స్నేహితునిది కాదు.

"మరి తెచ్చినందుకు వాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటున్నావు బాబూ?" అన్నాను.

"ఏం తీసుకుంటలేను తాతా. దోస్తు ఊరికే తెస్తుండు, దానికి నేనెట్ల పైసలు తీసుకోవాలె?" అన్నాడు.

ఆ అబ్బాయి మాటలో కపటం లేదు. అయితే మావాడి డీజిలు వల్ల లాభం పొందుతున్నది స్నేహితుడు కాదు, ఊరూ పేరూ తెలియని గిరాకీలు! ఇంకొక వైపు, ఆ స్నేహితుడు రెండు సంవత్సరాలుగా మావాడి పికప్‌కు బ్రేకులు, క్లచ్చు చూసి, ఆయిలు మార్చి, చేతి కూలి తీసుకోవటం లేదని కూడా ఆ కాగితం మీదనే బయటపడింది. మావాడు దానిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇద్దరూ ఎవరికి వారే ఎక్కువ ఇస్తున్నామనుకుంటూ, పైకి చెప్పలేక లోపల నలుగుతున్నారు.

చివరకు ఇట్లా అనుకున్నారు. షెడ్డుకు వచ్చే గిరాకీల బండ్లకు ఊరిలో నడిచే కిరాయి ప్రకారం గిరాకీ దగ్గరే తీసుకుని మావాడికి ఇవ్వాలి. స్నేహితుని సొంత ఇంటి పనికి, సామాను మార్చటానికి, పెళ్ళికి, పండక్కు డీజిలు అతను పోయించాలి, కిరాయి లేదు. ఆసుపత్రికి, ఆపదకు డీజిలు మాట కూడా లేదు. షెడ్డులో మావాడి బండికి చేతి కూలి లేదు, సామాను ఖర్చు మాత్రం మావాడిది. కుదరని రోజు కుదరదని చెప్పవచ్చు, దానికి అలగకూడదు. ఈ చివరి షరతు నేను పట్టుబట్టి రాయించాను. మా మరదలు పరువు, కోడలు కిస్తీ రెండూ నిలిచాయి.

సోదర సభ్యులకు మనవి

మన పిల్లలకు ఇటువంటి చిక్కు వచ్చినప్పుడు "స్నేహితుల మధ్య డబ్బేమిటి" అనిగానీ, "వ్యాపారం వ్యాపారమే" అనిగానీ ఒక్క మాటతో తేల్చవద్దు. ఈ పనివల్ల లాభం ఎవరికి, అతను ఇదివరకు మనకు ఏమి చేశాడు, కాదంటే స్నేహం నిలుస్తుందా అని మూడు ప్రశ్నలు అడగమనండి. లాభం వ్యాపారానిదైతే కిరాయి న్యాయం. సాయానికి సాయం అయితే బదులు న్యాయం. ఆపద అయితే ఏదీ అడగవద్దు. ఎటూ డీజిలు ఖర్చు తీసుకోవటంలో సిగ్గు లేదు.

ఇదే లెక్క మనకూ వర్తిస్తుంది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వటానికో, కంటి పరీక్షకో పక్కింటి అబ్బాయి తన బండిలో తీసుకుపోతే, దిగేముందు డీజిలు సంగతి మనమే ఎత్తాలి. అతను వద్దంటాడు. అయినా ఎత్తాలి. పిల్లలకు పెద్దలను అడగటానికి మొహమాటం ఉంటుంది, పెద్దవారమైన మనం ఆ మొహమాటాన్ని వాడుకోకూడదు. సభ్యులు తమ ఊళ్ళలోని బండి కిరాయి ఆచారాలను, బదులు పద్ధతులను జ్ఞాపకం ఉన్నంతవరకు రాసి సంఘానికి పంపితే, వచ్చే సంచికలో వాటిని కూడా చేర్చవచ్చునని నా మనవి.